నలభై రోజుల స్నానానికి ముందు దొరికిన కత్తి

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, నలభై తొమ్మిదిలో, నేను సికింద్రాబాద్ కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌ని. అంటే తెలుగు తప్ప రాని ఆడవాళ్ల మాటను ఉర్దూలో జడ్జికి వినిపించే పని. బడి మొహం చూడనిదాన్ని. మెట్టుగూడ ఇంట్లో మా నాయన కూర్చోబెట్టి నేర్పిన రెండు భాషలే నాకు అన్నం పెట్టాయి. దేవుడి దయ.

ఇళ్లలో ఉన్న ఆయుధాలన్నీ అప్పజెప్పమని అప్పట్లో దండోరా వేశారు. విని కూడా ఉంచుకున్నవాళ్లకు ఏడాది జైలు. దాన్ని మినిమం పనిష్‌మెంట్ అనేవారు. జడ్జికి ఎంత జాలి కలిగినా ఒక్క రోజు తగ్గించే వీల్లేదు.

లాలాగూడ ఖాసింబి మంచం కింద తాతలనాటి కత్తి దొరికింది. నెల నిండని ఆడపిల్లను ఒళ్లో పెట్టుకుని బోనెక్కింది. బాలింత మంచం కింద నలభై రోజులు ఇనుము ఉంచడం వాళ్లింటి ఆచారం. మా ఇళ్లలోనూ ఉండేది.

"వినలేదను, ఇంటికి పోతవ్" అని ఆమె వకీలు వరండాలోనే ఆమెకు చెప్పి పెట్టాడు.

జడ్జిగారి ప్రశ్నను తెలుగులో అడిగాను. "దండోరా విన్నావమ్మా?"

"విన్న అక్కా. నలభై రోజుల తానం కాంగనే ఇద్దామనుకున్న. ముందే తీస్తే పిల్లకేమన్న అయితే?"

వకీలు తల పట్టుకున్నాడు. ఆ గదిలో తెలుగు తెలిసిన ఇంకొకడు ఆయనే, నేను మార్చి చెప్పినా నోరు మెదపడు. 'వినలేదట' అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దేవుణ్ణి తలచుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

జడ్జిగారు కలం కింద పెట్టారు. "ఈ కానూన్ నా చేతులు కట్టేసింది, బేటీ" అన్నారు నాతో. మళ్లీ కలం తీసుకుని, "తారీఖైతే నా చేతిలోదే" అంటూ తీర్పును స్నానం దాటేదాకా వాయిదా వేశారు. వాయిదా రోజున ఏడాది శిక్ష చదివి, అక్కడే కూర్చుని క్షమాభిక్ష కోసం సర్కారుకు చిట్ఠీ రాశారు. నిజం తానే ఒప్పుకుందన్న మాట అందులో మొదటిది.

జైలుకు పోయిన నాలుగో నెలలో, క్షమాభిక్ష దొరికి, ఖాసింబి బిడ్డతో మా గుమ్మంలో నిలబడింది.

"ఏమక్కా, నువ్వు జెర అబద్ధమాడితే నేను జైలుకు పోకపోదును గదా?"

"అవును బిడ్డా."

"మల్ల ఎందుకాడలే?"

"నువ్వు ఆడలే గదా. నీ నోట్ల లేనిది నేనెట్ల అంట?"

"నా పిల్ల బోర్ల పడుడు సుత జైల్లనే నేర్చింది" అని పిల్లను నా ఒళ్లో పడేసింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత వింటే ఇప్పటికీ ఆ పిల్ల బరువు ఒళ్లోకి వస్తుంది. శిక్ష ఎంతో తేల్చే పని జడ్జికే వదలాలని ఆనాడు నేర్చుకున్నాను. కానూన్ రాసినవాళ్లకు ఆ పిల్ల కనిపించలేదు. జడ్జిగారికి కనిపించింది.