చెవి పక్క మూడు వెంట్రుకలు

ఆవిడను అందరూ టచింగక్క అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఫోటో స్టూడియోలో చేరి, నెగెటివ్‌ల మీద సన్న పెన్సిలుతో మొటిమలు మాయం చేయడం నేర్చుకుంది. పెళ్లికొడుకుల మెల్లకన్ను సరిచేసింది. చనిపోయిన తాతలను మనవల పక్కన కూర్చోబెట్టింది. ఫోటోకి రానని అలిగిన బావగారికి కోటు తొడిగి వెనక వరసలో నిలబెట్టింది. కాలం మారి వీడియోల రోజులు వచ్చాక అదే పని కదిలే బొమ్మల మీద మొదలుపెట్టింది. పచ్చ గుడ్డ ముందు తీసిన మనిషిని కొండ మీద నిలబెట్టడం, గాల్లో ఎగిరేవాడి నడుముకున్న వైరు చెరిపేయడం, వేరువేరుగా తీసిన బొమ్మలను పొరలు పొరలుగా పేర్చి ఒకేచోట తీసినట్టు చేయడం. ఆ విద్యకు కంపోజిటింగ్ అని పేరు. "పేరేదైతేనేం, అతుకు కనపడకూడదు, అంతే" అనేది ఆవిడ.

ముప్పై ఏళ్లు అబద్ధాన్ని నిజంలా తీర్చిదిద్దిన మనిషికి నిజం కూడా అబద్ధంలా కనపడటంలో వింతేముంది? పేపర్లో ఏ బొమ్మ చూసినా ముందు నీడ ఎటు పడిందో వెతికేది. చుట్టాలు పంపిన విహారయాత్ర ఫోటో చూసి "ఈ సముద్రం వీళ్లది కాదు" అని తేల్చేసేది. భర్త ఆఫీసు నుంచి గంట ముందొస్తే సంతోషించేది కాదు, "ఏమైంది?" అని గుమ్మంలోనే ఆపేది.

కళ్లద్దాల కొట్టు పైన రెండు గదులు ఆవిడ పనిచోటు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు. ఒకటి తనది, ఒకటి మరిదిది. మరిది అంటే భర్త తమ్ముడు. ఎడిటింగ్ చేస్తాడు, మాట తక్కువ, టీ ఎక్కువ. పదేళ్లుగా ఒకే గదిలో పనిచేస్తున్నా ఇద్దరి మధ్య గొడవంటూ వచ్చింది ఫ్యాను స్పీడు దగ్గరే.

ఆ ఏడాది వాళ్లకు ఒక దెయ్యం సీరియల్ దొరికింది. ప్రతి ఎపిసోడ్‌లో ఒక ఆడ దెయ్యం జుట్టు విరబోసుకుని గోడల్లోంచి నడిచి వస్తుంది. బడ్జెట్టు చూస్తే ఆ దెయ్యానికి చెప్పులు కూడా రావు. సరిగ్గా అప్పుడే వాళ్లు నెలనెలా చందా కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత పథకం ఎత్తేస్తున్నాం, వచ్చే నెల నుంచి ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్‌కి విడిగా కట్టాలి, చందా కూడా దాదాపు రెట్టింపు.

"ఇలా కడితే దెయ్యం మనల్నే పట్టుకుంటుంది వదినా" అన్నాడు మరిది.

దొంగ కాపీ మాట ఎత్తడానికి కూడా ధైర్యం లేదు. వెనకోసారి ఎవడో తెచ్చిచ్చిన దొంగ కాపీ ఎక్కిస్తే దాంతోపాటు వైరస్ దిగి పదకొండు రోజుల పని ఊడ్చుకుపోయింది. అందుకని మరిది నాలుగు రోజులు వెతికి ఒకటి చూపించాడు. ప్రపంచం నలుమూలలా ఎవరెవరో కలిసి రాసిన సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం.

"ఊరికే ఎవడిస్తాడయ్యా?"

"ఇష్టపడి రాస్తారట వదినా. అందరూ వాడుకోవాలని."

"మరి వాళ్లేం తింటారు?"

 తేరగా వచ్చినదాని వెనక ఏదో కొక్కెం ఉండే ఉంటుందని ఆవిడ అటు చూడనైనా చూడలేదు.

ఆ వారంలోనే ఇంకో సాఫ్ట్‌వేర్ అమ్మే ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు నలగని మొహం. ఒక్కసారి డబ్బు కట్టేస్తే జీవితాంతం వాడుకోవచ్చట. మరిది ఆ పూట బయటికి వెళ్లాడు, ఆవిడ ఒక్కతే ఉంది. ఏజెంటు లాప్‌టాప్ తెరిచి డెమో వేశాడు. కార్లు పేలాయి, ఇళ్లు తేలాయి. ఆ తర్వాత ఒక కిటికీ, కిటికీ ముందు తెల్లచీర ఆడమనిషి, గాలికి ఎగిరే జుట్టు.

టచింగక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అది మళ్లీ వెయ్యండి."

వేశాడు. దెయ్యం ఎడమ చెవి పక్కన మూడు వెంట్రుకలు. మిగతా జుట్టు ఎగిరాక రెప్పపాటు ఆలస్యంగా ఎగురుతున్నాయి. ప్రపంచంలో ఇంకెవరూ కనిపెట్టలేరు, ఆవిడ తప్ప. ఎందుకంటే పచ్చ రంగు తీసేసేటప్పుడు ఆ మూడు వెంట్రుకలూ దాంతోపాటే చెరిగిపోతే, మూడు రోజులు కూర్చుని ఒక్కో ఫ్రేములో చేత్తో గీసింది ఆవిడే. ఇంకా టీవీలో రాని ఎపిసోడ్ అది.

"ఇది మీ సాఫ్ట్‌వేర్‌లో చేసిందేనా?"

"నూటికి నూరుపాళ్లు అమ్మా! మా టీము నలభై నిమిషాల్లో చేసేసింది."

"అలాగా. పచ్చ గుడ్డ ముందు తీసిన అసలు షాటు ఉందా?"

"ఎందుకు లేదూ!" అని చూపించాడు. గుడ్డ కుడి మూల నల్ల టేపు అతికించిన చిరుగుతో సహా అదే.

ఆవిడ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆలోచించి చెబుతానంది. టీ కూడా ఇచ్చి పంపింది. అతను మెట్లు దిగాక తలుపు గడియ పెట్టి కుర్చీలో కూలబడింది. ఆ అసలు షాటు రెండు చోట్లే ఉంది. ఒకటి సీరియల్ డైరెక్టరు బీరువాలోని డ్రైవులో, రెండోది ఈ గదిలోని డ్రైవులో.

డైరెక్టరుకు ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా చెప్పి, "మన డ్రైవులు జాగ్రత్తగా ఉన్నాయి కదండీ?" అంది. "తాళంచెవి నా మొలతాడుకుంది. ఎందుకడుగుతున్నావు?" అన్నాడాయన. ఆ గొంతులో కూడా ఏదో తేడా ఉందనిపించింది. ఆయన మామూలుగా జోకు లేకుండా ఫోన్ పెట్టేయడు, ఆ రోజు పెట్టేశాడు.

ఇక మిగిలింది ఒక్కడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

ఆవిడ మరిదితో ఒక్క ముక్క అనలేదు. చూడటం మొదలుపెట్టింది. చూస్తుంటే అన్నీ కనపడ్డాయి. తను లేచి అటు వెళ్తే అతను తెర మీద ఏదో పేజీ చటుక్కున మూసేస్తున్నాడు. ఏదో చదువుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ లేని పెన్‌డ్రైవ్ ఒకటి. ఆ ఏజెంటు దగ్గర ఎంత తీసుకుని ఉంటాడు? ఎన్నాళ్లుగా సాగుతోంది? మరునాడు ఆవిడ డ్రైవులన్నీ తన సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఏంటి వదినా ఇది, తాళం?"

"దుమ్ము పడుతోంది."

సొరుగు తాళంతో దుమ్ము ఆగుతుందా అని అతను అడగలేదు. ఆ తాళం వంక ఒకసారి చూసి తన పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ గదిలో ఫ్యాను తప్ప ఎవరూ మాట్లాడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అతను భోజనానికి దిగగానే ఆవిడ అతని కుర్చీలో కూర్చుంది. మూసేసిన పేజీ తెరవడానికి ఎంతసేపు! అది ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోటు. అక్కడ నాలుగు సెకన్ల దెయ్యం షాటు, దాని పక్కనే పచ్చ గుడ్డ షాటు, కింద మరిది రాసిన మాటలు. "ఈ చెవి పక్క వెంట్రుకలు నిలవడం లేదు. మా వదిన మూడు రోజులు చేత్తో గీసింది, మెడ పట్టేసింది. దీంట్లో చేస్తే తేలికవుతుందా? ఎవరైనా చెప్పగలరా?" దాని కింద ఏడుగురి జవాబులు. ఒకాయన అయితే బొమ్మలు పెట్టి మరీ, ఏది ముందు నొక్కాలో ఏది తర్వాత నొక్కాలో వరసగా రాశాడు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. అక్కడ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. ఏజెంటు చేసింది అదే.

వెనక అడుగుల చప్పుడైంది. మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నువ్వు ఒప్పుకోవని, ఈ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ముందు నేనే నేర్చుకుని చూపిద్దామనుకున్నాను" అన్నాడు.

"నేర్చుకోవడం సరే. ఆ సరుకు మనదా? ఇంకా టీవీలో రాలేదు. పరాయివాళ్ల షాటు బజార్లో పెడతావా?"

అతని మొహం పాలిపోయింది. "నాలుగు సెకన్లే కదా అనుకున్నాను వదినా."

ఏజెంటు సంగతి అప్పుడు చెప్పింది. అతను గోడకు చేరగిలబడి అంతా విన్నాడు. విని అడిగాడు.

"సొరుగుకు తాళం అందుకేనా? నేను అమ్ముకున్నాననుకున్నావా?"

అబద్ధం ఆడొచ్చు. ఆవిడ వృత్తే అది. కానీ నోరు రాలేదు.

"అనుకున్నాను."

 ఆవిడ లేవగానే అతను కూర్చుని ఆ షాటు అక్కడి నుంచి తీసేశాడు. 

డైరెక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆయన ఆఫీసంటే ఒక మేడ మీద గది, సగం కుర్చీల నిండా కాస్ట్యూములు. ఉన్న పని ఊడినా సరేనని టచింగక్క జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన ముందు మరిదిని కడిగి పారేశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ ఏజెంటు నా దగ్గరికీ వచ్చాడు. ఇదే షాటు చూపించి, మీ పని మేమే సగం రేటుకు చేస్తామన్నాడు. నువ్వే నా వెనక గోతులు తవ్వి, వాడితో కుమ్మక్కయ్యావనుకున్నాను. నువ్వు ఫోన్ చేసి డ్రైవుల సంగతి అడిగాక ఇక నమ్మకమే కుదిరిపోయింది."

 ఆయన అక్కడికక్కడే ఏజెంటును పిలిపించాడు. అదే నవ్వుతో వచ్చాడు. టచింగక్క ఒక పెన్‌డ్రైవ్ అందించింది.

"ఇది ఇంకో జుట్టు షాటు. నలభై నిమిషాలన్నారుగా, గంట తీసుకోండి. మా ముందే చేయండి."

"మా సాంకేతిక బృందం చూడాలమ్మా..."

"ఆ బృందం నేనే" అందావిడ. "చెవి పక్క వెంట్రుకలు గీసింది ఈ చెయ్యే."

ఏజెంటుకు ఏదో అర్జెంటు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే మెట్లు దిగాడు, మళ్లీ ఎక్కలేదు.

పని ఊడలేదు కానీ డైరెక్టరు గట్టిగానే హెచ్చరించాడు. సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, నెలాఖరు దగ్గరపడింది. ఆవిడ చివరికి ఆ ఉచితందాన్నే పరీక్షించింది. ముందు పాత కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి దాంట్లో ఎక్కించింది. అది దొంగచాటుగా ఎవరికీ ఏమీ పంపడం లేదని మూడు రోజులు కాపలా కాసి గానీ చెయ్యి పెట్టలేదు. ఆ బొమ్మలు పెట్టిన పెద్దమనిషి చెప్పిన వరసలోనే అదే దెయ్యం షాటు మళ్లీ చేసింది. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి జుట్టంతా చెరగకుండా నిలిచింది. వైరు చెరిపే పని మాత్రం దాంట్లో మొండికేసింది, రెండుసార్లు ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయింది.

తన కన్నును తనే నమ్మక రెండు షాట్లూ ఫోన్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లి, ఏది దేంట్లో చేసిందో చెప్పకుండా అత్తగారికి చూపించింది. అత్తగారు రోజుకు నాలుగు సీరియళ్లు చూసే మనిషి.

"రెండోది బాగుందే" అంది అత్తగారు. "మొదటిదాంట్లో ఆ పిల్ల చెవి దగ్గర ఏదో పురుగు పాకుతున్నట్టుంది."

అది మూడు రోజులు మెడ విరుచుకుని చేత్తో గీసిన షాటు. టచింగక్క ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి అత్తగారి కూరలో ఉప్పు తక్కువైంది, అనుకోకుండానో, అనుకునో.

మొత్తానికి ఒక నిర్ణయానికి వచ్చింది. మరిది కంప్యూటర్లో ఉచితంది, తన కంప్యూటర్లో పాతదానికే నెలకు నెల చందా. జుట్టూ, పొగా, గోడల్లోంచి రావడాలూ అన్నీ అటు, వైర్లు ఇటు. మూడు నెలలు గడిచేసరికి వైరు పనికి కూడా ఎవరో ఒక చిన్న పనిముట్టు రాసి పెట్టారు. దాన్నీ వారం రోజులు అనుమానించి, ఆ తర్వాత చందా ఆపేసింది. సీరియల్ నూటయాభై ఎపిసోడ్లు నడిచింది. దెయ్యానికి చివర్లో చెప్పులు కూడా వచ్చాయి.

మరిది మాత్రం ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పట్టాడు. ఏ ఫైలు కదిలించినా పైకి చెబుతాడు. "డైరెక్టరు గారికి పంపిస్తున్నా వదినా." "డబ్బింగు వాళ్లకి, సౌండు ఒక్కటే." సొరుగుకు తాళం తీసేసినా డ్రైవు ఆవిడనడిగి తీసుకుంటాడు. ఎగతాళో, కోపమో, నిజంగా జాగ్రత్తో, గొంతును బట్టి తెలుసుకోవాలని ఆవిడ ఎన్నోసార్లు చెవులు రిక్కించింది. తెలియలేదు.

ఒకరోజు ఇక ఉండబట్టలేక, "చెప్పక్కర్లేదయ్యా, నీ పని నువ్వు చేసుకో" అంది.

"అలవాటైపోయింది వదినా" అన్నాడతను, తెర మీంచి కళ్లు తిప్పకుండా. అని, ఫ్యాను కొంచెం తగ్గించమంటావా అని అడిగాడు. తగ్గించమంది.