పుష్ప డబ్బాలో ఫోన్లు

బొంతపల్లిలోని ఆ కిరాయి గదుల వరుసలో పుష్ప గురించి ఒక మాట తిరిగేది. పిల్లల దగ్గర ఫోన్లు గుంజుకుని రేకు డబ్బాలో పెడుతుందట. తలుపు దగ్గరికేసుకుని, వాళ్ల తల్లుల మెసేజులన్నీ చదువుతుందట. ఏ ఇంటి గుట్టయినా ఆమెకు తెలియకుండా ఉండదట.

నిషిత తల్లి రవళి ఆ మాట నమ్మింది.

రవళి పనిచేసే మందుల ఫ్యాక్టరీలో నిప్పు భయంతో ఫోన్లు గేటు దాటనివ్వరు. అందుకని ఆ వరుస తల్లులందరూ షిఫ్టుకు పోతూ ఫోన్ పిల్లల చేతికిచ్చి పోతారు. హత్నూర నుంచి వచ్చిన పుష్ప కూడా ఆరేళ్లు అక్కడే చేసింది. ఆ వాసనలకు ఆయాసం పట్టుకుని మానేసి, ఇప్పుడు బడి వదిలాక పిల్లలను చూసుకుంటోంది. పిల్లలు రాగానే ఫోన్లు డబ్బాలో వేయాలి. కావలసినవాళ్లు తీసుకుని గడప మీద, అందరికీ కనబడేలా కూర్చుని చూడాలి. తెలియనివాళ్లు ఏమడిగినా ఫోన్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాలి. తెచ్చినవాళ్లను తిట్టదు.

"ఆ గడప తొక్కితే కాళ్లిరగ్గొడ్త" అంది రవళి. పదేళ్ల నిషిత గదిలో ఒక్కతే గేమ్ ఆడుకునేది.

గేమ్‌లో బన్నీ కలిశాడు. తనకూ పదేళ్లేనన్నాడు, కాయిన్లు ఇచ్చాడు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నిషిత "బి షిఫ్టు, రాత్రి పది దాటాలె" అని రాసింది. అక్కడి పిల్లలకు అది ఊరి పేరు చెప్పినంత మామూలు. బడి పేరున్న బట్టల్లో ఫోటో పంపింది. ఇల్లు చూపించమంటే ఇంటి నంబరుతో సహా తలుపు ఫోటో కూడా పంపింది.

బుధవారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం బన్నీ మాట మారింది. పంపకూడని ఫోటో అడిగాడు. పంపకపోతే ఐదింటికి తనే వస్తానన్నాడు. 'నీలం తలుపే కదా' అన్నాడు. అమ్మకు చెబితే ఉన్న ఫోటోలు బడిలో అందరికీ పంపుతానన్నాడు.

నిషిత గడియ పెట్టుకుంది. బయట చెప్పుల చప్పుడైనప్పుడల్లా లేచి గడియ తడిమి చూసుకుంది. అమ్మకు చేద్దామంటే అమ్మ ఫోన్ తన చేతిలోనే ఉంది. నాలుగున్నరకు గడియ తీసి, పుష్ప గడప దాకా పరుగెత్తి, బయటే ఆగిపోయింది.

"రా బిడ్డా. మీ అమ్మ గొడితే నా పేరు చెప్పు."

ఫోన్ ఆమె ఒళ్లో పెట్టి, అంతా తుడిచేస్తానంది నిషిత.

"తుడువకు. మొదటి సంది చదువు, నేను వింట."

తను రాసినవి తన నోటితోనే చదవడం నిషితకు పెద్ద శిక్షగా తోచింది. షిఫ్టు మాట దగ్గర ఆగిపోయింది.

"ఆగినవేంది? నేను తిట్టను. నువ్వేం చెప్పినవో ఎరుకైతేనే, వానికేం ఎరుకనో నాకు ఎరుకైతది."

నిషిత చదివింది. తలుపు ఫోటో దగ్గరికి వచ్చేసరికి, వీపు మీదున్న పుష్ప చెయ్యి బిగుసుకుంది. ఆమె పిల్లలందరినీ లోపలికి పంపి, పక్కింటి ఆటో లింగాన్ని రవళి కోసం ఫ్యాక్టరీ గేటుకు తరిమింది. తను గడపకు అడ్డంగా కూర్చుంది.

ఐదు దాటాక నీలం తలుపు ముందు ఒక బండి ఆగింది. హెల్మెట్ తీయకుండానే ఎవరో రెండుసార్లు తలుపు కొట్టారు.

"ఎవరు గావాలె?" అంది పుష్ప. ఆయాసంతో మాట సగంలో తెగింది.

కొరియర్ అన్నాడతను. చేతిలో ఏమీ లేదు. బండి తిప్పుకుని పోయాడు. నంబరు మీద బురద.

ఫ్యాక్టరీ టోపీ తీయకుండానే రవళి ఆటో దిగింది. సంగతి వింటూనే కూతురి మీద చెయ్యెత్తింది. పుష్ప నిషితను వెనక్కి లాక్కుంది.

"ఇయ్యాల గొడితే రేపు చెప్పదు, రవళీ."

రవళి చెయ్యి దించి, కూతురు పక్కన కూలబడింది.

చీకటి పడకముందే ముగ్గురూ ఠాణాకు పోయారు. తుడవకపోవడం మంచిదైందన్నాడు ఎస్సై. ఫోన్ పుష్పకు అందించి, మొదటి నుంచి చదివి చెప్పమన్నాడు.

పుష్ప ఫోన్‌ను నిషిత చేతిలో పెట్టింది. వరుసలోని తల్లుల మెసేజుల్లాగే ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. మూడో తరగతిలో బడి మానేసిన పుష్పకు ఇంగ్లీషు అక్షరాలు రావు.