మా అత్త మగ్గాన్ని నేను కాపాడిన వైనం

పాఠక మహాశయులకు, బంగాళాఖాతానికి, చలికాలంలో అందులో పుట్టే సమస్త వాయుగుండాలకు, నాకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ నేర్పడానికి శ్రమించిన అధ్యాపక బృందానికి ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. కింద రాయబోయేది సంతాపం. సంతాపానికి కావలసిన గాంభీర్యం నా దగ్గర లేదు. బంధువుల్లో ఎవరినైనా అడుగుదామంటే వాళ్ళకున్నది వాళ్ళకే చాలడం లేదు. ఉన్నదానితోనే కానిస్తాను, మన్నించండి. మన్నించకపోయినా రాయక మానను.

మా మేనత్త పోయిన నెల చనిపోయింది. గద్వాలలో, తన ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, గోడకు ఒరిగి కూర్చుని అట్లే పోయింది. వనపర్తిలో ఉన్న నాకు నాయన ఫోన్ చేశాడు. "అత్త పోయిందిరా" అన్నాడు. "ఏడికి?" అని అడిగాను. పుట్టి బుద్ధెరిగాక జోకు కోసం కాకుండా నేనడిగిన పిచ్చి ప్రశ్న అదొక్కటే.

ఇంటికి చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అత్తకు పడుగు నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు కూడా వచ్చాడు. నన్ను చూడగానే పక్కవాళ్ళతో, "గా తుఫాన్ల మగ్గాన్ని కాపాడింది ఈ పిల్లగాడే. ఈయన లేకుంటె అక్క మగ్గం ఆనాడే మూలకు పడుతుండె" అన్నాడు. అందరూ నా వైపు ఆరాధనగా చూశారు. నేను తల దించుకున్నాను. దుఃఖంలో ఉన్నవాడు తల దించుకుంటే ఎవరూ కారణం అడగరు. ఆ సౌకర్యాన్ని వాడుకున్నాను.

నిజానికి ఈ కథను ఊరంతా తిప్పింది అత్తే. కూరగాయలామె దగ్గర, బస్సులో పక్క సీటావిడ దగ్గర, కంటి దవాఖానలో కాంపౌండరు దగ్గర కూడా చెప్పింది. ఇప్పుడామె లేదు కాబట్టి, అసలు జరిగిందేమిటో రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది.

అత్తకు పిల్లలు లేరు. అంటే నాకు మరదలు లేదు. ఈ లోటును ఆమె తన నోటితో పూడ్చింది. "నాకొక బిడ్డ ఉంటెనా, నీకు మాత్రం ఇస్తుంటినా అల్లుడా" అని పండక్కీ పబ్బానికీ గుర్తుచేసేది. మామ పోయాక ఇరవై ఏళ్ళు ఆ గుంత మగ్గం మీద ఒక్కతే నేసింది. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని నేస్తారు. ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలుకొక బుద్ధి, పట్టుకొక బుద్ధి అనేది అత్త. "రెండిటినీ ఒక్క చీరల కూసోవెట్టాలె. అత్తాకోడండ్లను ఒక్క ఇంట్ల ఉంచినట్లు" అనేది.

ఆమెకు ప్రపంచంలో ఒకటే భయం, తేమ. గంజి పెట్టిన నూలుకు చెమ్మగాలి తగిలితే మెత్తబడి పోగుకు పోగు అంటుకుంటుంది. గుంతలో ఊట పడితే ఇక ఆ పూట మగ్గం ఎక్కలేరు. రెండేళ్ళ కిందటి వానాకాలంలో ఒక చీర అట్లాగే ఆలస్యమై, దాని మీద మరక కూడా పడింది. అందుకే ఆ తర్వాతి చలికాలంలో, నేను పరీక్షల సెలవులని చెప్పి చదువుకోవడానికి (అంటే తినడానికి) అత్త ఇంట్లో దిగినప్పుడు, షావుకారు వచ్చి అరుగు మీద కూర్చుని నీళ్ళు నమిలాడు.

"అక్కా, ఏమనుకోకు. నీకు కండ్లు సరిగ కనవడ్తలేవు. వయసు గూడ అయింది. బేస్తారానికి కొంగు ముగిసి చీర దిగితే సరే. లేకుంటె ఇంకో పడుగు ఈ ఇంటికి పంప."

"బేస్తారం పొద్దుగాల్ల రా. చీర తీస్కపో" అంది అత్త. కొంగు ఇంకా మూరన్నర ఉంది. ఆయన వెళ్ళాక ఆమె నేరుగా మగ్గం దగ్గరికి పోయి మిగిలిన కొంగును మళ్ళీ జానలతో కొలిచింది. వేళాకోళమాడని అత్తను నేను అదే మొదటిసారి చూడటం. పడుగు రాకపోతే ఆ ఇంట్లో ఆమె పొద్దున్నే లేచి ఏం చేస్తుందో నాకు ఊహకు రాలేదు. ఆమెకూ వచ్చినట్టు లేదు.

అది ఆదివారం, బేస్తవారం అంటే గురువారానికి ఇంకా నాలుగు రోజులే. సాయంత్రం ఫోన్ చూసి, "సముద్రంల తుఫాను పుట్టిందంట అత్తా. కానీ మనకేం కాదు, సముద్రం యాడ, గద్వాల యాడ" అని విద్యావంతుడిగా భరోసా ఇచ్చాను. అత్త లేచి వెళ్ళి మగ్గానికి కట్టిన నూలు తాడును వేలితో మీటింది. గాలిలో చెమ్మ చేరితే ఆ తాడు బిగుసుకుంటుంది.

"వస్తది" అంది.

"ఫోన్ల రాదంటుండు."

"వాడు గద్వాల ఎన్నడన్న చూసిండా? నా తాడు ఈడనే పుట్టింది."

సోమవారం తెల్లారేసరికి మబ్బు, ఈదురుగాలి, ఎముకలు కొరికే చలి. అత్త యుద్ధం ప్రకటించింది. నన్ను జొన్నలిచ్చి పిండి గిర్నీకి తోలింది. కరెంటు పోతే గిర్నీ తిరగదు, గిర్నీ తిరగకపోతే రొట్టె లేదు. నేను తిరిగొచ్చేసరికి మోటరు వేసి బిందెలు, బకెట్లు, గంగాళం, చివరికి పూజ దగ్గరి చెంబు కూడా నింపింది. "ఇంట్ల నీళ్ళు పట్టని గిన్నె ఇగ నువ్వొక్కనివే" అంది నన్ను ఎగాదిగా చూసి. గడప ముందు మట్టీ ఇసుకా కలిపి జానెడెత్తు కట్ట వేసింది. బొగ్గుల సంచిని అటక మీదికి ఎక్కించింది. నా ఫోను నిండా చార్జింగ్ పెట్టించి, లాక్కుని, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"అత్తా, దాంట్ల నా నోట్సున్నయ్."

"ఉండనీ. కరెంటు పోయినంక చదువు. ఇప్పుడైతే నువ్వు బొమ్మలే చూస్తవ్."

ఆమె అగ్గిపెట్టెల నిర్వహణ గురించి విడిగా ఒక గ్రంథం రాయవచ్చు. దుకాణంలోనే ఒక పుల్ల గీసి చూసి, మండితేనే కొనేది. దుకాణదారు ఏడుపు ముఖం పెట్టినా లెక్కచేసేది కాదు. తెచ్చి బియ్యం డబ్బాలో పాతిపెట్టేది. "కరెంటు ఉన్నప్పుడే అగ్గిపెట్టె యాడుందో చూస్కోవాలె. పోయినంక దేవులాడాల్నంటె మల్ల కరెంటే కావాలె" అనేది. మూడేళ్ళు విద్యుత్తు గురించి చదివిన నాకు ఇంత ఉపయోగపడే సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

మధ్యాహ్నం ముసురు మొదలైంది. కాసేపటికి వీధి చివర కొమ్మ విరిగి తీగల మీద పడింది, కరెంటు పోయింది. అత్త నా వైపు తిరిగింది. "కరెంటు సదివినోనివి గద, జర ఒక్క బల్బన్న ఎలిగియ్యరాదు?"

అప్పుడు నాలో వీరత్వం నిద్రలేచింది. సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర ఉండగా, ఎవరూ అడగకుండానే, అటక మీది పెద్ద నల్ల తార్పాలిన్ దించి మగ్గానికి పైనుంచి కింది దాకా చుట్టేశాను. నాలుగు పక్కలా తాడుతో బిగించాను. గాలి చొరబడే సందు లేదు. నా చేతిపనిని చూసి నేనే మురిసిపోయి నిద్రపోయాను.

మంగళవారం పొద్దున అత్త అరుపుకు లేచాను. తార్పాలిన్ విప్పేసరికి లోపల చెమ్మ బొట్లు కట్టి ఉంది. నేల నుంచి లేచిన తేమ బయటికి పోయే దారి లేక, పడుగు మీదే దిగింది. గంజి మెత్తబడి నూలు పోగులు అట్టలా అంటుకున్నాయి. గద్వాలలో పుట్టిన పసిపిల్ల కూడా చెయ్యని తప్పు అది. మగ్గాన్ని కప్పొచ్చు కానీ బిగించకూడదు.

"అల్లుడా" అంది అత్త, "సావుకారి నీకేమన్న ఇచ్చిండా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నన్ను అవతల కూర్చోబెట్టి, మూకుడులో నిప్పులు చేసి, గుంతలోకి దించింది. తలుపు బార్లా తెరిచింది. వీధి నీళ్ళు లోపలికి రాకుండా గడప కట్ట ఆపింది. వెచ్చటి గాలి పడుగు కిందినుంచి లేస్తుంటే, వేళ్ళతో పోగు పోగు విడదీస్తూ కూర్చుంది. తెగినదాన్ని తడిమి ముడేసింది. మధ్యమధ్య లేచి ఒక చెంబుతో గుంత మూలలో ఊరిన నీళ్ళు తోడేది. నేను సాయం పట్టబోతే, "నీ చెయ్యి పెట్టకు, నీకు మొక్కుత" అంది. నిజంగానే చేతులెత్తి మొక్కింది. మధ్యాహ్నానికి పడుగు విడిపోయింది. ఇక నేయాలి. కానీ ఇంట్లో పట్టపగలే చీకటి. సన్నటి జరీ గీత ఆమె కళ్ళకు ఆనడం లేదు. నా పాత ఫోను దీపం పట్టుకుంటే గంటలో ఆరిపోయింది. తర్వాత వెలుతురు ఎట్లా వచ్చిందో చివర చెప్తాను, ఎందుకంటే అందులో నేనున్నాను.

బేస్తవారం పొద్దున షావుకారు గొడుగేసుకుని వచ్చాడు. ముసురు ఇంకా ఆగలేదు, కరెంటు ఇంకా రాలేదు. ఆయన ముఖం చూస్తే పడుగు కోసుకుపోవడానికే వచ్చినట్టుంది.

"ఏంది అక్కా, ఈ వానల ఏం నేసినవ్? పరేషాన్ గాకు, నాకు అర్థమయితది" అన్నాడు గడప కట్ట దాటుతూ.

"ముందు కాళ్ళు తుడుసుకో" అంది అత్త.

మడత పెట్టిన చీరను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తడవకుండా గుమ్మం దాకా తెచ్చి, వెలుతురుకు పట్టి, కొంగంతా జానెడు జానెడు చూశాడు. అంచు కలిసిన చోట గోరుతో గీరాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మరక లేదు. అత్త మాత్రం రొట్టె కాలుస్తూ ఇటు చూడనే లేదు.

"అక్కా" అన్నాడు చివరికి, "వాన తగ్గినంక పడుగు పంపిస్త. రంగు ఏది కావాలె?"

"మిరపపండు" అంది అత్త. "ఇంకోటి ఇను. ఈ చీర నా ఒక్కదానితోని కాలే. మా అల్లుడే మగ్గాన్ని కాపాడిండు."

నేను నోరు తెరిచాను. ఆమె వేడి రొట్టె తుంచి అందులో పెట్టింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె నేసింది. కంటికి ఆపరేషన్ చేయించుకుని, అద్దాలు పెట్టుకుని, నా ముఖం స్పష్టంగా చూసి, "గిట్లుంటవా నువ్వు? ఇన్నొద్దులు మంచిగున్నవ్ అనుకున్న" అంది. షావుకారు ఇంకెప్పుడూ వయసు మాట ఎత్తలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని ఒకసారి అడిగితే, "ముసల్ది ఒక్కతే ఉంది అనుకుంటె తాప తాపకు వచ్చి తొంగి చూస్తడు. ఇంట్ల ఇంజినీరున్నడు అనుకుంటె రాడు" అంది. మిగతా కారణం చెప్పలేదు. చెబితే నేను ఏడుస్తానని ఆమెకు తెలుసు.

కాబట్టి పాఠకులారా, ఇదీ రికార్డు. తాడు మీటింది ఆమె. నీళ్ళు నింపింది, కట్ట వేసింది, నిప్పులు దించింది, పోగులు విడదీసింది, గుంత తోడింది, నేసింది ఆమె. ఆ మగ్గానికి తుఫాను చేసిన దానికన్నా నేను చేసిన నష్టమే ఎక్కువ.

నేను చేసింది ఒక్కటుంది. మంగళవారం మధ్యాహ్నం ఫోను ఆరిపోయాక, మగ్గానికి సరిగ్గా పైన మిద్దెలో ఉన్న గవాచి గుర్తొచ్చింది. వెలుతురు కోసం పైకప్పుకు పెట్టిన మూరెడు కంత అది. వాన రాకుండా దాని మీద బండ మూసి ఉంది. మిద్దె ఎక్కి బండ జరిపి, పక్కింట్లో అడిగి తెచ్చిన తెల్లటి ప్లాస్టిక్ కవరు కంత మీద పరిచి, చుట్టూ రాళ్ళు పెట్టాను. లోపలికి పగలు దిగింది. కానీ కవరు నడుమ నీళ్ళు నిలిచి బరువెక్కుతున్నాయి. వదిలేస్తే చిరిగి, ఉన్నదంతా కొంగు మీదే పడుతుంది. అందుకని దాని పక్కన కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమంతా, మర్నాడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, గోనెసంచి కప్పుకుని కూర్చున్నాను. నీళ్ళు నిండినప్పుడల్లా లోపల ఆమెకు వెలుతురు వణికేది. అప్పుడామె అడ్డపోగు నేసే నాడెతో మగ్గం గుంజను రెండుసార్లు కొట్టేది. నేను కవరు అంచు ఎత్తి నీళ్ళు అవతలికి పారబోసేవాణ్ని. వెలుతురు మళ్ళీ నిలకడగా పడేది. ఆ ప్లాస్టిక్ వెనక మసక మసకగా ఆమె నెరిసిన పాపిట, కదిలే రెండు చేతులు, ఎర్రటి అంచు కనబడేవి. అప్పుడప్పుడు తల పైకెత్తి, "తడుస్తున్నవా అల్లుడా?" అని అరిచేది. "లేదత్తా" అని నేను పైనుంచి అరిచేవాణ్ని.