వెనక్కి జరిపిన సీటు

మా అల్లుడు పోయాడు. బోనాలకు అందరికీ బట్టలు తెస్తానన్న మనిషి, ఆ పండగ రాకముందే, పొద్దున పనికి వెళ్తూ రోడ్డు పక్కన కారులోనే గుండె ఆగి పోయాడు. తెలిసినవాళ్ళకు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళకు అతను ఎలాంటి మనిషో చెప్పాలని నాలుగు మాటలు రాస్తున్నాను.

మదీనాగూడలో మా గల్లీలో అతని చిన్న కారు నిలబడి ఉండేది. సొంత బండి. రోజూ దాంట్లోనే ఆఫీసు ఆడపిల్లలను పుప్పాలగూడ వైపు దింపేవాడు, సాయంత్రం తెచ్చేవాడు. డిక్కీలో సగం గ్యాసు సిలిండరే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసి, పైకి చేరాక మళ్ళీ వేసేవాడు. పాపం, బండికి ఆయాసం అనేవాడు. మనిషి మంచి పొడగరి. సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్ళు స్టీరింగుకు తగిలేవి. ఇంకాస్త పెద్దది చూసుకోరాదా బిడ్డా అంటే నవ్వేవాడు.

"పెద్ద బండికి మన గల్లీల జాగ లేదు, నా కాళ్ళకు ఈ బండిల జాగ లేదు. గట్లనే నడుస్తది అత్తమ్మా."

నాకు అన్నిటికీ భయమే. లారీ హారన్ వినబడినా, వాన పడినా, ఎవరైనా తుమ్మినా. అతను బయల్దేరింది మొదలు ఫోన్లు చేస్తూనే ఉండేదాన్ని. అతను విసుక్కోలేదు. ఒక ఏర్పాటు చేశాడు. నడిపేటప్పుడు ఫోను ఎత్తడు. చేరగానే ఒక్క రింగు, మిస్డ్ కాల్ ఇస్తాడు. అది వినగానే దేవుడి పటానికి దండం పెట్టుకుని చాయ్ తాగేదాన్ని. "ఇంట్ల ఫికర్ చేసేటోళ్ళు ఒకరు ఉండాలె, అప్పుడే మనిషి మెల్లగ నడుపుతడు" అని గల్లీలో నా గురించి చెప్పేవాడట. నా భయానికి అంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇంకొక అలవాటు ఉండేది. ఎంత తొందర ఉన్నా సరే, బండిని ఎడమ పక్కకు తీసి, నాలుగు లైట్లూ ఆరుతూ వెలిగేలా వేశాకే ఫోను చేతిలోకి తీసుకునేవాడు.

ఆ రోజూ అలాగే చేశాడు. రింగు ఎప్పటి వేళకే వచ్చింది. ఒక్కసారి మోగి ఆగింది. దండం పెట్టుకున్నాను, చాయ్ తాగాను. అప్పటికి అతను ఆఫీసుకు చేరనే లేదని తరువాత తెలిసింది. ఆ పొద్దున వెనక సీటులో ఉన్న అమ్మాయి దినాలకు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఫోన్ మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నానండి. లైట్లు వేసే ఉన్నాయండి. పక్కనుంచి అన్ని బండ్లూ వెళ్ళిపోతూనే ఉన్నాయి."

ఆ పిల్లకు చిన్న గీత కూడా పడలేదు. అంత నొప్పిలోనూ బండిని పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి మరీ పోయాడు. ఆ రింగు మమ్మల్ని పిలవడానికి చేశాడో, నేను భయపడతానని ఇచ్చాడో ఇప్పటికీ తెలియదు.

కారు కొన్నాళ్ళు గల్లీలోనే ఉండిపోయింది. ముందు కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడింది. అమ్మేయమన్నాను. అతని పెళ్ళాం, మా బిడ్డ, వినలేదు. ఆదివారాలు ఖాళీ రోడ్ల మీద తనకు డ్రైవింగు నేర్పింది మొగుడే, లైసెన్సూ ఉంది. ఆ ఆఫీసు పిల్లలు కూడా అక్కా, నువ్వే రా అన్నారు.

"బండి ఏం తప్పు చేసిందమ్మా? ఇల్లు నడిపింది గదా."

ఈ పొద్దున మొదటిసారి బయల్దేరింది. తెల్లవారుజామున వాన పడి ఆగింది, మబ్బు మాత్రం పోలేదు. కొత్త నిమ్మకాయ కట్టి, వంగి లోపలికి చూశాను. సీటు అల్లుడు జరిపిన చోటే ఉంది. మా బిడ్డ పొట్టిది. అతని దిండు వీపు వెనక పెట్టుకుని సీటు అంచున కూర్చుంది. బ్రేకుకు కాలి వేళ్ళు మాత్రమే అందుతున్నాయి. సీటు ముందుకు జరుపుకో బిడ్డా అని బతిమాలాను.

"జరిపితే మళ్ళ ఆయన జరిపినట్టు రాదమ్మా. జర పరేషాన్ గాకు. చేరినంక మాట్లాడుత, ఉత్త మిస్డ్ కాల్ ఇయ్యను."

కారు గల్లీ మలుపు తిరిగింది. నేను లోపలికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇప్పుడే ఫోను మోగింది, బిడ్డ నంబరే. ఒక్కసారి మోగి, నేను అందుకునేలోపే ఆగిపోయింది. నేను చేస్తే అటు మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పొద్దుటి వానకు కారు కింద తడవకుండా మిగిలిన ఆ కాస్త నేల మీద, ఒక్కొక్క చుక్కే పడుతోంది.