తొక్కు జాడీలో ఫ్రాన్సు ద్రాక్షసారా

ఒక్క పూటలో మొగుడి నౌకరీని, అత్తగారి ఆచారాన్ని, ఫ్రాన్సు దేశపు పరువును కలిపి ఒకే జాడీలో పోసిన ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? లేకపోతే ఇప్పుడు చూడండి. పాప ఇప్పుడే నిద్రపోయింది, లేచేలోగా చెప్పేస్తాను.

మావారు వనపర్తిలో ఒక దొరగారి దగ్గర కార్యదర్శి. దొరగారి తండ్రి ఎప్పుడో ఫ్రాన్సు నుంచి తెప్పించి దాచిన ఎర్ర ద్రాక్షసారాలో మూడు సీసాలు పైకి తీశారు. ఒక్కొక్కటి ఒక్కో తోటది, ఒక్కో ఏటిది. వాటిని రుచి చూసి గుణం చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంగ్లీషు దొర వస్తున్నాడు. బంగళాకు సున్నాలు వేస్తున్నందువల్ల సీసాలు మా ధాన్యపు కొట్టులో, చల్లగా, బాలింతల్లా పడుకొని ఉన్నాయి.

ఆ ఉదయం మావారు వాటిని నిలబెట్టి బిరడాలు తీశారు. “జర గాలి తగలాలె. నువ్వు ముట్టకు. వీటికేమన్న అయితే నా నౌకరీ పోయినట్టే,” అని చెప్పి ఇంగ్లీషు దొరను తీసుకురావడానికి స్టేషనుకు పోయారు.

ముట్టకు అన్న మాట తల్లుల చెవికి ఎక్కదు. దీపం పెట్టి చూశాను. అడుగున నల్లటి మడ్డి! నేనేమో పాప తాగే నీళ్లను వడగట్టి, కాచి, మళ్లీ వడగట్టే మనిషిని. ఆ మడ్డి తాగిన ఇంగ్లీషు దొర నా ఊహలో అప్పుడే గిలగిలా తన్నుకున్నాడు. మావారి చేతులకు బేడీలు పడ్డాయి.

“అత్తమ్మా, గిండ్ల మడ్డి ఉన్నది!”

“పాతదైతే పాడుగాదా? పారబొయ్యి.”

“పారబోస్తే నౌకరీ పోతది.”

“అయితే వడగట్టు. నా మెత్తటి పాత చీర ఉన్నది. కానీ నా గిన్నెలకు సారా తాకిస్తే ఊరుకోను. గా మూలకు మామిడి తొక్కు జాడీ ఖాళీగున్నది, దాన్ల పొయ్యి.”

దొరికింది ఆ ఒక్క పచ్చడి జాడీ. మూడు సీసాలూ అందులోకే దిగాయి. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నేను హైదరాబాదులో కాలేజీ చదివినదాన్ని, నా మతితోపాటు మావారి జీతమూ పోవలసిందే కదా!

ఇంగ్లీషు దొరను బంగళాలో దింపి మావారు వచ్చి చూశారు.

“ఏంది గిది?”

“శుభ్రం చేసిన.”

“మూడూ?”

“మూడూ ఎర్రగనే ఉన్నయి కదండీ!”

ఆయన వడ్ల బస్తా మీద కూలబడ్డారు. “పులుసు, పాయసం, మజ్జిగ కడుపులకే పోతయని ఒక్క గిన్నెల కలుపుతవానే?”

“ఏడిస్తే ఏమొస్తదిరా?” అన్నది అత్తమ్మ. “మల్ల సీసాలల్ల పొయ్యి.”

గరాటు పెట్టి పోశాం. పైన పేర్లు మూడు, లోపల పరమాత్మ ఒక్కడే.

సాయంత్రం బంగళాలో పరదా వెనుక, పాపను చంకనెత్తుకొని, దొరసానమ్మకు ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పే పని నాకే పడింది. ఇంగ్లీషు దొర మొదటి సీసా మీది చీటీ చదివాడు, గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, పుక్కిలించాడు.

“ఏమంటుండమ్మా?”

“ఇది ఇంకా పసిదట. కొంత కాలం ఆగాల్సిందట.”

రెండో చీటీ చదివి తాగాడు. “ఇది మొదటిదానికి పూర్తిగా వేరట. వాన పడ్డ అడవి లెక్క ఉన్నదట.”

పరదా సందులోంచి మావారి వైపు చూశాను. గోడకు వేసిన సున్నానికీ ఆయన ముఖానికీ తేడా లేదు.

మూడోది తాగి ఇంగ్లీషు దొర కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. చచ్చాడనుకొని పాపను గట్టిగా పట్టుకున్నాను, అది కెవ్వుమంది. ఆ కేకకు ఆయన కళ్లు తెరిచాడు. ఆయన కళ్లలో నీళ్లు!

“ఏమంటుండు, చెప్పమ్మా!”

“ఇట్లాంటిది జన్మల తాగలేదట. ముదిరిన కొద్దీ వచ్చే ఘాటట. చివరికి… మామిడికాయ వాసనట.”

“ఫ్రాన్సుల మామిడితోపులున్నయా?” అని దొరసానమ్మ ఆశ్చర్యపోయింది.

నేను పాపకు జోకొట్టడంలో మునిగిపోయాను.

దొరగారు మావారి భుజం తట్టారు. “నీ ఇంటి గాలిల ఏమో ఉన్నదయ్యా. తక్కిన సీసాలు గూడ ఆడనే పెట్టు.” నౌకరీ నిలిచింది! వీధి మలుపు దాటేదాకా మావారు గబగబా నడిచారు. దాటాక గోడకు ఆనుకొని కడుపు పట్టుకొని నవ్వారు. నాకు నవ్వుకు ముందు ఏడుపొచ్చింది.

కనుక పాఠకులారా, దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పాప తాగే నీళ్లు తప్ప ఏ దేశపు ద్రవాన్నీ ఈ జన్మలో వడగట్టను. ఆ పాడు జాడీని పగలగొట్టి పీడ వదిలించుకుందామనే అనుకున్నాను. అత్తమ్మే అడ్డుపడింది.

“ఉండనియ్యే! మల్ల తెల్లదొర వస్తే ఏం జేస్తవు?”