రాజేశ్వరమ్మ గోంగూర మడి

గోంగూర మొక్కలు తొక్కాడని రాజేశ్వరమ్మ కన్నకొడుకు చెయ్యి విరగ్గొట్టిందన్న సంగతి జెర్సీ సిటీ తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు. కొత్తగా ఎవరైనా వచ్చినా వారం తిరక్కుండా వాళ్ల చెవిలో పడుతుంది. పుట్టినరోజు పార్టీల్లో, గుడి భోజనాల వరసలో, రైలు కోసం నిలబడ్డచోట ఆ కథకి కాళ్లొస్తూనే ఉంటాయి.

“ఒకటి కాదు, రెండు దెబ్బలు! ఎముక పటుక్కుమన్న చప్పుడు మా ఆయనకి గేటు దాకా వినిపించింది,” అంటుంది ఉషా, పళ్లెంలో పులిహోర వడ్డించుకుంటూ.

“చప్పుడు వినలేదే, చూశానన్నాను,” అంటాడు ఆమె భర్త కృష్ణమోహన్. “శశికాంత్ మడిలో కాలు పెట్టి నిలబడ్డాడు. ఈవిడ వెనక నుంచి వచ్చి పారకర్రతో వేసింది. అంతే, ఫినిష్.”

“గోంగూరకే ఇంతైతే, వంకాయ చెట్టు తొక్కితే చంపేసేదేమో ఆంటీ!” అంటారు వెనక నుంచి ఇంకెవరో.

అందరూ నవ్వుతారు. ఆ మాటల్లో అబద్ధం చాలా తక్కువ. పారకర్ర నిజం. రెండు దెబ్బలూ నిజం. విరిగిన చెయ్యీ నిజమే.

ఆ యేడు చలి మనుషుల మీద పగబట్టినట్టు వచ్చింది. ఉగాది వెళ్లినా నది మీది గాలి కత్తిలా కోస్తూనే ఉంది. చిగురేసిన కొమ్మల్ని రాత్రికి రాత్రి నల్లగా మాడ్చి పోయేది. రాజేశ్వరమ్మకు మాత్రం ఉగాది అంటే ఉగాదే. రేపల్లె పక్క ఊళ్లో ఆమె పుట్టింటివాళ్లు ఉగాదికి విత్తు నానబెట్టి, శ్రీరామనవమికి నారు నేలలో పెట్టేవాళ్లు. సముద్రాలు దాటి కొడుకు దగ్గరికి వచ్చినంత మాత్రాన రాముడి పెళ్లి రోజు మారుతుందా? కోడలు రిషితతో కలిసి కిటికీ పక్కన పెరుగు డబ్బాల్లో గోంగూర, బెండ, బంతి నారు పోసింది. నవమి నాడు కాస్త ఎండ కాసింది. అత్తాకోడళ్లిద్దరూ డబ్బాలు సంచుల్లో పెట్టుకుని, అపార్ట్‌మెంట్లకు నాలుగు వీధుల అవతలున్న కమ్యూనిటీ గార్డెన్‌కు నడిచి వెళ్లారు. చుట్టూ చెక్కలు కట్టి మట్టి నింపిన మడి ఒకటి అక్కడ వాళ్ల పేరున ఉంది.

పక్క మడి డోరిస్ అనే ముసలావిడది. నారు నాటుతున్న వాళ్లను చూసి రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొచ్చింది.

“నో, నో! మదర్స్ డే! ఆఫ్టర్ మదర్స్ డే!”

“ఏమంటందే ఈవిడ?”

“మే నెలలో మదర్స్ డే అయ్యేదాకా ఏమీ పెట్టొద్దంట అత్తయ్యా. మంచు పడితే చచ్చిపోతాయంట.”

“అమ్మల పండక్కీ మొక్కలకీ ఏంటి సంబంధం? పాపం, పెద్దదైపోయింది,” అని రాజేశ్వరమ్మ డోరిస్‌ను చూసి నవ్వి, మరో గుంట తీసింది.

మర్నాటికే బంతి మొక్కలు తలలు వేలాడేశాయి. అప్పటి నుంచి సందె వాలేసరికి ఇద్దరూ పాత చీరలు పట్టుకుని బయల్దేరేవాళ్లు. కర్రముక్కలు పాతి, వాటి మీద చీరలు పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి వచ్చేవాళ్లు. రాజేశ్వరమ్మ నైలాన్ చీరలు, నేత చీరలు, ఒక పాత వెంకటగిరి. పొద్దున్నే వెళ్లి చీర ఎత్తితే కింద వెచ్చగా, పచ్చగా నారు. డోరిస్ కూడా చీరల అంచులు పట్టుకుని చూసి, “బ్యూటిఫుల్!” అనేది.

గార్డెన్‌లో ఉన్నంతసేపూ రిషిత మనిషిలా ఉండేది. పాట కూడా పాడేది. ఇంటి లిఫ్ట్ ఎక్కగానే ఆ పాట ఆగిపోయేది.

శశికాంత్ కొట్టేవాడు. మొదట చెంప మీద కొట్టాడు. తరువాత బెల్టు అందుకున్నాడు. జుట్టు పట్టుకుని తలను తలుపుకేసి మోదేవాడు. కూర చల్లారిందనో, ఫోన్ రెండో రింగుకు ఎత్తలేదనో, ఆఫీసులో మేనేజర్ ఏదో అన్నాడనో ఒక వంక దొరికేది. దెబ్బలు మోచేతి పైనే పడేలా చూసేవాడు. రిషిత ఉన్నది అతని వీసా మీద. “నేను ఒక్క పేపర్ ఆపితే చాలు, నువ్వు ఫ్లైట్ ఎక్కాల్సిందే, తెలుసా?” అనేవాడు నింపాదిగా, కొట్టడం అయ్యాక చేతులు కడుక్కుంటూ.

ఆ గది గోడకు ఇవతల వంటింట్లో రాజేశ్వరమ్మ మిక్సీ వేసేది. అందులో ఏముందో కూడా చూసుకునేది కాదు. ఒక్కోసారి ఖాళీ గిన్నే గిరగిరా తిరిగేది. ఆమె మొగుడు రాజారావు బతికున్న రోజుల్లో ఆమెనూ అలాగే కొట్టేవాడు. అప్పుడు ఆమె అత్తగారు రోట్లో ఏదో ఒకటి వేసి దంచుతూ కూర్చునేది. ఇంట్లో మగవాడి చెయ్యి లేస్తే ఆడవాళ్లు చప్పుడు చేయాలని, ఆ చప్పుడులో మిగతాది మునిగిపోవాలని రాజేశ్వరమ్మకు ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది.

“సర్దుకుపో తల్లీ. పిల్లలు పుడితే వాడే మారతాడు,” అంది ఒకసారి, రిషిత వీపుకు పసుపు రాస్తూ.

“మామయ్యగారు మారారా అత్తయ్యా?”

రాజేశ్వరమ్మ రాసిన చోటే మళ్లీ రాసింది.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం గడ్డకట్టే చలి అని టీవీలో పదేపదే చెప్పారు. రాజేశ్వరమ్మ చీరలు మడిచి సంచిలో పెట్టుకుంది. రిషిత చెప్పులు వేసుకుంటోంది. అప్పుడే శశికాంత్ ఇంటికొచ్చాడు. అతని మొహం చూసి ఇద్దరూ సంచి దాచబోయారు.

“ఎక్కడికి?”

“చీరలు కప్పి వచ్చేస్తాంరా, పది నిమిషాల పని.”

“నేను ఇంటికి రాగానే ఈ మహారాణి బయటికి పోవాలి! ఏయ్, ఎవడున్నాడు అక్కడ?”

“డోరిస్ ఉందిరా, ఇంకెవరుంటారు?” అంది రాజేశ్వరమ్మ.

“నిన్ను అడగలేదమ్మా.”

సంచి లాక్కుని విసిరేశాడు. చీరలు హాలంతా చెదిరిపోయాయి. వాటిలోంచి ఒకటి తీసి రిషిత మెడకు చుట్టి, పశువును ఈడ్చినట్టు గదిలోకి ఈడ్చుకుపోయాడు. తలుపు పడింది. రాజేశ్వరమ్మ వంటింట్లోకి వెళ్లి మిక్సీ మీద చెయ్యి పెట్టింది. అవతల ఏదో పగిలింది. తరువాత రిషిత గొంతు, అరుపు కాదు, ఊపిరి అందని మనిషి చేసే గురక లాంటిది వచ్చింది. రాజేశ్వరమ్మ మీట నొక్కింది. మిక్సీ ఖాళీగా అరిచింది.

ఆ రాత్రి మొక్కల మీద చీర లేదు.

తెల్లవారాక శశికాంత్ ఇంకా పడుకునే ఉన్నాడు. అత్తాకోడళ్లు చప్పుడు చేయకుండా తలుపు వేసి గార్డెన్‌కు వెళ్లారు. రిషిత మెడ చుట్టూ చున్నీ బిగించుకుని ఉంది. మడి దగ్గరికి వచ్చి ఇద్దరూ ఆగిపోయారు. గోంగూర నారు కాల్చిన కాగితంలా నల్లగా ముడుచుకుపోయి ఉంది. బెండలు కుళ్లి నీరై కాండం దగ్గరే జారిపోయాయి. బంతి ఆకులు ముట్టుకుంటే పొడైపోయాయి. రాజేశ్వరమ్మ ఒక్కో మొక్కా వేలితో గీకి చూసింది. లోపల ఎక్కడా పచ్చదనం లేదు.

“పీకేద్దాం అత్తయ్యా,” అంది రిషిత. ఆ గొంతు బొంగురుపోయి ఉంది. చచ్చిన మొక్కలు పీకుతుంటే చున్నీ జారింది. మెడ చుట్టూ చీర అంచు ఒరుసుకున్న గీత కనిపించింది. వెంకటగిరి చీర జరీ అంచు. అందులోని చిన్న చిన్న పువ్వుల ముద్రలు కూడా చర్మం మీద ఎర్రగా దిగి ఉన్నాయి. రాజేశ్వరమ్మ ఆ పువ్వుల్ని చూసింది. ఆ చీర ఆమె పెళ్లినాటిది.

“తప్పు నాది,” అంది.

“మొక్కల విషయంలోనా? డోరిస్ ముందే చెప్పింది కదా.”

“మొక్కల విషయంలో కాదు.”

మడి అంతా ఖాళీ అయ్యాక రాజేశ్వరమ్మ పార తెచ్చి మట్టి తిరగేయడం మొదలుపెట్టింది. అప్పుడు గేటు చప్పుడైంది. శశికాంత్ చలికోటు కూడా వేసుకోకుండా వస్తున్నాడు.

“చెప్పకుండా వస్తావా? చెప్పకుండా?”

రిషిత లేచే లోపే జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఆమె తల మడి చెక్క అంచుకు కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం చెక్క మీద పడింది. పక్కకు పడిపోయిన ఆమె పొట్టలో తన్నాడు. ఆమె ముడుచుకుపోయింది. అతను ఒక కాలు మడిలో ఆనించి, రెండో కాలు ఆమె మెడ మీద పెట్టాడు. సరిగ్గా ఆ పువ్వుల ముద్రల మీద.

“శశీ, కాలు తియ్యి.”

“నువ్వు మధ్యలోకి రాకమ్మా! ఇంటికెళ్లి మిక్సీ వేసుకో పో!”

వాడికి తెలుసు. ఇన్నాళ్లూ మిక్సీ ఎందుకు తిరుగుతోందో వాడికి తెలుసు. తను చప్పుడు చేసింది కోడలి ఏడుపు వినలేక కాదు, వాడికి పని సులువు కావడానికే అని వాడి లెక్క. కాలు ఇంకొంచెం నొక్కాడు. రిషిత వేళ్లు మట్టిని గీరాయి.

రాజేశ్వరమ్మ పార తిరగేసి కర్రవైపుతో కొట్టింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. వాడు వెనక్కి తిరిగి, “ఏయ్, ముసలిదానా!” అని చెయ్యెత్తాడు. చెయ్యి ఎత్తిన ఆ తీరు రాజారావుదే, అచ్చంగా. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు విరిగింది. వాడు మోకాళ్ల మీద కూలి, చిన్నప్పుడు ఏడ్చినట్టే ‘అమ్మా’ అని ఏడ్చాడు. రాజేశ్వరమ్మ మూడోసారి కర్ర ఎత్తి అలాగే నిలబడింది. దించలేదు, కొట్టలేదు.

గేటు దగ్గర కృష్ణమోహన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మధ్యలో ఎరువు పెట్టెలు అడ్డం. అక్కడి నుంచి నిలబడ్డవాళ్లే కనిపిస్తారు. నేల మీద ఉన్నవాళ్లు కనిపించరు. అతను చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తినంత పని చేసి వెళ్లిపోయాడు.

డోరిస్ ఫోన్ ఎత్తి చూపిస్తూ, “పోలీస్! ఐ విల్ కాల్ ది పోలీస్!” అని అరుస్తూ వచ్చింది. ఆ మాట వినగానే శశికాంత్ లేచాడు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఏడుస్తూ, తిడుతూ కారు వైపు పరిగెత్తాడు. పోలీసు రికార్డు పడితే వీసా గతి ఏమవుతుందో వాడికి అందరికన్నా బాగా తెలుసు. ఆసుపత్రిలో జారిపడ్డానని చెప్పాడు. స్నేహితులకు వేరేగా చెప్పాడు. “మా అమ్మకి మొక్కల పిచ్చి ముదిరిందిరా. గోంగూర తొక్కానని చెయ్యి విరగ్గొట్టింది!”

రిషిత ఆ వారం డోరిస్ ఇంట్లో ఉండి, వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉన్న అక్క హంసిక దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కడ చదువుకుంటోంది, సొంత వీసా మీద. రాజేశ్వరమ్మ కొడుకు ఇంటికి తిరిగి వెళ్లలేదు. డోరిస్ ఇంటి కింది గదిలో ఉంటూ, ఉద్యోగాల పిల్లలకు క్యారేజీలు కట్టి పంపిస్తుంది. పచ్చళ్లకు రోలే వాడుతుంది. ఆమె వంటింట్లో మిక్సీ లేదు.

మడి మాత్రం వదులుకోలేదు. ఇప్పుడు మదర్స్ డే అయ్యాకే నాటుతుంది. గోంగూర నడుమెత్తు పెరుగుతుంది. కట్టలు కొనడానికి వచ్చిన ఉషా మడికి బారెడు దూరంలోనే ఆగిపోతుంది.

“ఇక్కణ్ణుంచే తీసుకుంటాను పిన్నిగారూ. మళ్లీ తొక్కితే కష్టం!”

“అవునమ్మా, జాగ్రత్త,” అంటుంది రాజేశ్వరమ్మ నవ్వుతూ. ఆ మాట సరిదిద్దితే వాళ్లు అడిగే తరువాతి ప్రశ్న రిషిత గురించి. ఆ పిల్ల పేరు పులిహోర పళ్లేల మధ్యకు రావడం ఆమెకు ఇష్టం లేదు. మొక్కల పిచ్చిదని అననీ.

కానీ కథ చెప్పేవాళ్లు ఎవరూ ఒక్కసారైనా ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ పొద్దున ఆ మడిలో తొక్కడానికి ఒక్క గోంగూర మొక్క కూడా లేదు.