క్యాసెట్టులోని ఊరు సుగ్గికి పోయిన వారం

ఈ సంగతి రాసిపెట్టడానికి ఒక కారణముంది. ఆదోనికి కంప్యూటరు ఎప్పుడొచ్చిందని అడిగితే పెద్దవాళ్ళు ఏదో బ్యాంకు పేరో, మిల్లు ఆఫీసు పేరో చెబుతారు. అంతకుముందే ఒక ఇంటి ముందుగదిలో, రేడియో అంత కూడా లేని పెట్టెలో ఒక ఊరు ఉండేదని, అందులో జొన్నలు పండేవని, ఒక వారం ఆ ఊరు కనబడకుండా పోయిందని ఎవరూ రాయలేదు. రాయగలిగినవాళ్ళం ఇద్దరమే. రెండోవాడికి రాసే ఓపిక లేదు.

నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాణ్ణి. బడి ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం చెప్పింది. అక్కడ ఎవరూ ముట్టని ఇంగ్లీషు పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా చదివాను. తేనెటీగల పెంపకం, ఓడ నడపడం, కంప్యూటరుకు ఆజ్ఞలు రాయడం. అప్పటికి తేనెపెట్టెను గాని, ఓడను గాని, కంప్యూటరును గాని నేను చూసి ఎరగను. వాటిలో తర్వాత కనబడింది కంప్యూటరు ఒక్కటే.

అది ఆదోనిలో కనబడింది. అక్కడ రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మిత్రుడొకడు ఉండేవాడు. మగ్గానికి సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి అతని దగ్గరికి పోయేవాణ్ణి. ఎనభైల నడుమ అతని బావ గల్ఫు నుంచి వస్తూ రబ్బరు మీటల నల్లపెట్టె ఒకటి తెచ్చాడు. దాన్ని టీవీకి ఒక తీగతో, టేపురికార్డరుకు ఒక తీగతో కలపాలి. ఆట క్యాసెట్టులో ఉంటుంది. టేపు తిప్పితే కీచుమని అరుస్తూ పెట్టెలోకి ఎక్కుతుంది. ఆట ఆపేటప్పుడు అప్పటిదాకా ఏమేం జరిగిందో ఆ అంకెలన్నీ మళ్ళీ అదే అరుపుగా టేపు మీదికి దాచుకోవాలి. లేకపోతే కరెంటుతో పాటే పోతాయి. ఆదోనిలో కరెంటు ఎప్పుడు పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆటలో ఒక రాజు ఉంటాడు. ఏడాదికొకసారి ఎన్ని గోధుమలు విత్తాలో, జనానికి ఎన్ని పెట్టాలో ఆయన చెప్పాలి. తప్పు చెబితే జనం పోతారు. ఆట నడిపే ఆజ్ఞలు పైకే కనబడేవి కాబట్టి మార్చుకోవడం కష్టం కాలేదు. గోధుమలు జొన్నలయ్యాయి. మంచు కురవడం పోయి వాన కురవకపోవడం వచ్చింది. రాజును తీసేశాం. జనం మరీ తగ్గిపోతే వచ్చే ఇంగ్లీషు మాటను కూడా తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘అందరూ సుగ్గికి పోయినారు’ అని రాశాం. వానలు లేని ఏట మా వైపు పల్లెలు ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాపాపలతో కాలవ కింది ఊళ్ళకు కూలికి పోవడమే సుగ్గి.

మిత్రుని నాన్న మంచం ఆ ముందుగదిలోనే. కొడుకు ఆయన్ను అబ్బా అని పిలిస్తే, నేను చాచా అనేవాణ్ణి. నల్లరేగడిలో ఏళ్ళ తరబడి సేద్యం చేసిన మనిషి. పక్షవాతంతో కుడివైపు పడిపోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశాడు. మాట పోలేదు గాని మాట్లాడడం మానేశాడు. ఒకరోజు మేము ఆడుతుంటే మంచం మీది నుంచి వినబడింది.

“అంత ఇత్తనం యాల పోస్తారప్పా? గువ్వలకా?”

టౌనుకు వచ్చాక ఎవరూ అడగకుండా ఆయన అన్న మొదటి మాట అదేనని మిత్రుని అమ్మ, మా చాచీ, చెప్పింది. ఆ రోజు నుంచి ఊరు ఆయనది. మేము మీటలు నొక్కే జీతగాళ్ళం. తెల్లారితే లేచి కూర్చునేవాడు. ఏడాదికేడాది ఊరిని పెంచుకుంటూ వచ్చాడు.

కొన్ని నెలల తర్వాత ఆయనకొక అనుమానం వచ్చింది.

“పాతర యాడుంది?”

“పాతర లేదు అబ్బా, ఇది ఫారిన్ ఆట,” అన్నాడు మిత్రుడు.

“జొన్నలు పైన పెడితే ఎలకలు తినవా? ఫారిన్ ఎలకలకు పండ్లు లేవా?”

ఎలుకలు ఆటలో నిజంగానే తినేవి. కాబట్టి పాతర తవ్వాలని తీర్మానించాం. నేలలో గొయ్యి తీసి, గింజలు పోసి, మూత మీద మట్టి కప్పితే ఎన్నేళ్ళయినా ఉంటాయి. ఆటలో దాని కోసం ఒక కొత్త అంకె కావాలి. ఆ అంకెను కూడా టేపు మీదికి దాచాలి, తిరిగి చదవాలి. పని పంచుకున్నాం. దాచే భాగం మిత్రుడు రాశాడు, చదివే భాగం నేను రాశాను. చాచా పాతరలో రెండేళ్ళ తిండి పోయించాడు. వచ్చే ఏడు వాన ఉండదని ఆయన నమ్మకం. ఊరిని కొత్త పద్ధతిలో పాత దాని మీదే రికార్డు చేశాం. క్యాసెట్టులో మిగిలిన జాగా అంతా ఖవ్వాలీలు. వాటిని చెరపడానికి చాచీ ఒప్పుకోలేదు. నేను సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

రెండు రోజులకు బస్సు కండక్టరు మగ్గం దగ్గరికి వచ్చి అందరి ముందూ చెప్పాడు. “నీ ఆదోని దోస్తు సెప్పమన్యాడు. ఊరంతా సుగ్గికి పోయిందంట. నువ్వు బిరీన రావాలంట.”

పక్క మగ్గాలవాళ్ళు తల కూడా ఎత్తలేదు. ఆ ఏడు అది వార్త కాదు.

నేను పోయేసరికి చాచా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గిన్నెలో అన్నం అట్లాగే ఉంది. మిత్రుడు టేపు తిప్పి చూపించాడు. అరుపు బాగానే ఉంది, ఎక్కడం బాగానే ఎక్కింది. వెంటనే తెర మీద ‘అందరూ సుగ్గికి పోయినారు’.

“కొత్తది మొదలుపెడదాం అబ్బా,” అన్నాడు మిత్రుడు.

“మళ్ళా మొదటి ఏడు నుంచా? నాకంత టైము యాడుందిరా?”

పనిలో పడ్డాం. మిత్రుడు టేపురికార్డరు విప్పి, టేపును చదివే హెడ్డును స్పిరిట్టుతో తుడిచాడు. శబ్దం పెంచి చూశాం, తగ్గించి చూశాం. పత్తిమిల్లు నడిచేటప్పుడు వోల్టేజి పడిపోతుందని, మధ్యాహ్నం మిల్లు ఆగేదాకా కూర్చుని మళ్ళీ ఎక్కించాం. హెడ్డు వాలు సరిచేసే చిన్న స్క్రూను అటు కొంత, ఇటు కొంత తిప్పాం. చాచీ పెట్టె ముందు నిమ్మకాయ పెట్టింది. ప్రతిసారీ ఊరు ఖాళీ.

“ఎన్నిసార్లు పంపిస్తారప్పా ఆ జనాలను?” అన్నాడు చాచా గోడవైపు నుంచే. “రెండేండ్లకు జొన్నలు పెట్టినా. నా ఊరోళ్ళు సుగ్గికి యాల పోతారు? తప్పు మీ పెట్టెది.”

నేను చదివిన పుస్తకంలో ఒక మాట ఉంది. యంత్రం తప్పు చూపకుండా టేపును చదివిందంటే చదవడంలో తప్పు లేదు, ఏం చదివిందో అడిగి తెలుసుకో అని. ఎమ్మిగనూరు శాఖలో దాన్ని చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఇప్పటికీ నా నమ్మకం. జనం పోయారని చెప్పే ఆజ్ఞ వరసకు ముందే ఆటను ఆపి, టేపు నుంచి వచ్చిన అంకెలను వరసగా చూపించమని అడిగాను.

మొదటి అంకె 786.

“ఇదెవరు పెట్టినారు?” అన్నాను.

“నేనే అన్నా. పాతర కొత్తగా తవ్వితిమి కదా. అది లేకుండా ఊరికే మొదలుపెడతారా ఎవరన్నా?”

ఆదోనిలో ముస్లిముల పెళ్ళిపత్రిక మీద, లారీ నుదుటి మీద, అంగడి గోడ మీద బిస్మిల్లాకు గుర్తుగా మొదట ఉండేది ఆ అంకే. అతను దాచే భాగంలో అన్నిటికన్నా ముందు దాన్ని కూర్చోబెట్టాడు. నా చదివే భాగానికి ఆ సంగతి తెలియదు. ఏళ్ళ అంకె ఉండాల్సిన చోట 786ను, జనం ఉండాల్సిన చోట ఏళ్ళను, గింజల చోట జనాన్ని చదువుకుంది. ఊళ్ళో జనం ఆట నడిచిన ఏళ్ళంతమందే ఉన్నారని చూసి, మిగిలినవాళ్ళు సుగ్గికి పోయారని తీర్పు చెప్పింది.

“అంటే, ముందు సీటు మీద నేను తువ్వాల ఏసినా,” అన్నాడు మిత్రుడు. “బస్సులో అందరూ ఒక్కో సీటు ఎనక్కి జరిగినారు.”

“అంతే.”

“మీరు గూడా శ్రీకారం అని ఏదో రాస్తారు కదన్నా మొదట? నువ్వు చదివేదాంట్లో అది పెట్టింటే సరిపోయేది కదా. నా తువ్వాల నీ సీట్లో కూర్చునేది.”

అది నిజం. మా ఇంట్లో చాకలి పద్దు మీద కూడా శ్రీ లేకుండా ఉండదు. కాని గ్రంథాలయంలో ఒక పుస్తకం చదివి అలాంటివన్నీ మానేసి అప్పటికి రెండేళ్ళయింది. చదువు వల్ల జరిగిన నష్టం ఏదైనా ఉంటే నాకు తెలిసి అదొక్కటే.

786ను తీసేయడానికి లేదు. అది టేపులో ఉంది, తీయడానికి మిత్రుడు ఒప్పుకోడు కూడా. అందుకని చదివే భాగంలో ఒక వరస చేర్చాను. మొదటి అంకెను చదవాలి, దాన్ని ఏ లెక్కలోనూ కలపకుండా గౌరవంగా పక్కన ఉంచాలి, ఊరిని రెండో అంకె నుంచి మొదలుపెట్టాలి.

టేపు అరిచింది. తెర మీదికి అంకెలు వచ్చాయి.

“జనం?” అన్నాడు చాచా, ఇటు తిరగకుండా.

“అందరూ ఉండారు చాచా.”

“పాతర?”

“నిండుగా ఉంది.”

అప్పుడు ఇటు తిరిగాడు. మిత్రుడు చంకల కింద చేతులు పెట్టి లేపి కూర్చోబెట్టాడు. విత్తనం ఎంత వెయ్యాలో చాచా చెప్పాడు. మామూలు కంటే చాలా తక్కువ. నేను మీట నొక్కాను. ఆ ఏడు వాన లేదని తెర మీద వచ్చింది.

“వాన లేదు చాచా.”

“నేను సెప్తి కదా,” అన్నాడు. “మూత తీయండి.”

మూత తీశాం. ఒక్క మనిషి ఊరు విడిచి పోలేదు. ఆ ఏడు మా పడమటి వైపు సుగ్గికి పోని ఊరు నాకు తెలిసి అదే. చాచీ గిన్నె మార్చి వేడి అన్నం తెచ్చింది. చాచా ఎడమచేత్తో, తెర మీది నుంచి కళ్ళు తీయకుండా తిన్నాడు.

సాయం చేసినవాళ్ళను పేర్లతో తలచుకోవడం ధర్మం. పేర్లు రాయవద్దని మిత్రుడు అన్నాడు కాబట్టి చేసిన పనులతో తలచుకుంటాను. ఇంటికివ్వని పుస్తకాన్ని ఇంటికిచ్చిన గ్రంథాలయం ఆయనకు, కబురును ఒక్క మాట మార్చకుండా మోసిన కండక్టరుకు, మధ్యాహ్నం ఆపినందుకు పత్తిమిల్లుకు, నిమ్మకాయకూ అన్నానికీ చాచీకి, తువ్వాల వేసినవాడే కనుక మిత్రునికి కృతజ్ఞతలు. చాచాకు ఆ రోజే చెప్పబోయాను. “అవన్నీ తర్వాత, ముందు వచ్చే ఏటికి ఇత్తనాలు తీసిపెట్టప్పా,” అన్నాడు. తీసిపెట్టాను.